ఎముకల కోసం డ్రైఫ్రూట్స్ అని రాసేటప్పుడు ఉద్దానాన్ని గుర్తుపెట్టుకోండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎముకల బలానికి రోజూ గుప్పెడు డ్రైఫ్రూట్స్ తినమంటూ మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో రాసింది అబద్ధమని నేను అనడం లేదు. కానీ అదే వ్యాసం అక్షరం మారకుండా మా శ్రీకాకుళం జిల్లాకూ వచ్చింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో టీకొట్ల దగ్గర మీ పేపరు చదివేవాళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీ విలేకరులకు నేను చెప్పక్కర్లేదు. "మీరు మాత్రం ఇది తినకండి" అని వాళ్లకు చెప్పే వాక్యం ఆ వ్యాసంలో ఒక్కటి కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రిటైరైన ఏఎన్ఎంని, అంటే ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుని. ఉద్యోగం చాలావరకు ఉద్దానంలోనే, అంటే పైన చెప్పిన మండలాల ప్రాంతంలోనే గడిచింది. బాలింతల ఇళ్లకు తిరగడం, బీపీలు చూడడం, రక్తపరీక్షల క్యాంపు పెడితే కొబ్బరితోటల్లో పనిలో ఉన్నవాళ్లను బతిమాలి తీసుకురావడం నా పని. ఇప్పటికీ మా వీధిలో ఎవరికి ల్యాబ్ రిపోర్టు వచ్చినా ముందు మా అరుగు మీదికే తెస్తారు. డాక్టరు గారి ముందు అడగడానికి మొహమాటపడినవన్నీ నన్ను అడుగుతారు. ఆ వ్యాసం వచ్చిన వారంలో అలా వచ్చినవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "నర్సమ్మా, పేపర్లో రాశారు కదా, ఖర్జూరం తింటే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయా?"

పండు ఎండితే పోయేది నీరు. అందులోని చక్కెర, పొటాషియం అక్కడే ఉండి చిక్కబడతాయి. పచ్చి ద్రాక్ష వంద గ్రాముల్లో పొటాషియం సుమారు 190 మిల్లీగ్రాములు ఉంటే, అంతే బరువు కిస్‌మిస్‌లో 750 దాకా ఉంటుంది. ఖర్జూరం, అంజీర కూడా ఆరేడు వందల దగ్గరే. ఎండు ఆప్రికాట్ అయితే వెయ్యి దాటుతుంది. కిడ్నీలు బాగా పనిచేసేవాళ్లకు దీనివల్ల భయం లేదు, ఎక్కువైనది మూత్రంలో పోతుంది. పైగా బీపీకి మంచిది కూడా. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. అది 6 దాటిందంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ముందుగా జ్వరమో నొప్పో వచ్చి హెచ్చరించదు. కాళ్లలో సత్తువ పోయినట్టు ఉంటుంది, అంతే. అలసట అనుకుని పడుకునేవాళ్లే ఎక్కువ.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా పెదనాన్న గారి అబ్బాయికి కొన్నేళ్లుగా క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది అదే. డయాలసిస్ దాకా రాలేదు, మందులతో నెట్టుకొస్తున్నాడు. ఆయన కొడుకు, నా మేనల్లుడు, గల్ఫ్‌లో వెల్డరు. ఈ ప్రాంతంలో ఇంటికొకరు అలా వెళ్లినవాళ్లే. సెలవుకు వచ్చినప్పుడు ఖర్జూరం డబ్బాలు తెచ్చాడు. మంచి రకం, వేలితో నొక్కితే తేనెలా మెరిసేవి. నాన్నకు మోకాళ్లు నొప్పులు, ఎముకలు అరిగాయని ఎవరో చెప్పారు, ఖర్జూరం ఎముకకు బలమని ఫోన్లో ఎక్కడో చదివాడు. వదిన రాత్రి పాలల్లో నానబెట్టి పొద్దున గ్లాసుడు ఇచ్చేది. మధ్యాహ్నం ఎండకు తోటలోంచి తెచ్చిన కొబ్బరిబొండం నీళ్లు. ప్రేమతో పెట్టినవే అన్నీ. పెట్టిన ప్రతిదానిలోనూ పొటాషియమే.

ఒక సాయంత్రం అన్నయ్య మంచం మీంచి లేవబోయి లేవలేకపోయాడు. నన్ను పిలిస్తే వెళ్లి నాడి పట్టుకున్నాను. బాగా నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి కొడుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీసిన డ్యూటీ డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండానే కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ తర్వాత గ్లూకోజులో ఇన్సులిన్ ఎక్కించారు. మొదటిది గుండెను కాపాడడానికి, రెండోది రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోయడానికి. రక్తపరీక్ష వచ్చేసరికి పొటాషియం ఏడుకు దగ్గరగా ఉంది. ఆ డాక్టరు చేతి చలవ, అన్నయ్య బతికాడు. వదిన వార్డు బయట కూర్చుని ఒకటే మాట: "బలానికని పెట్టానమ్మా, నేను విషం పెట్టలేదు." ఆవిడను ఏమని ఓదార్చాలి? ఆవిడకు ఎవరైనా చెప్పారా? ఎముకలకు ఖర్జూరం అన్న వార్త గల్ఫ్ దాకా చేరింది. కిడ్నీ జబ్బు ఉంటే వద్దన్న మాట పక్క వీధికి కూడా చేరలేదు.

ఇక్కడ మరో సంగతి ఉంది. ఉద్దానంలో ఈ జబ్బు షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. 1990ల నుంచి ఈ జబ్బు కనిపిస్తోంది. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎంతోమంది నిపుణులు వచ్చి వెళ్లారు, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం వచ్చింది. అవన్నీ మంచివే. కానీ జబ్బు ముదిరేదాకా మనిషికి ఏమీ తెలియకపోవడం మాత్రం మారలేదు. పొద్దున తోటకు వెళ్లి కొబ్బరికాయలు దింపి వచ్చిన మనిషికి సాయంత్రం క్యాంపులో క్రియాటినిన్ మూడు అని తేలడం నేను కళ్లారా చూశాను. కాబట్టి "కిడ్నీ రోగులు డాక్టరును సంప్రదించాలి" అని చివర్లో చిన్న అక్షరాల్లో ఒక ముక్క వేసి చేతులు దులుపుకుంటే మా దగ్గర చాలదు. తనకు జబ్బుందని తెలియనివాడు ఆ ముక్క చదివి, నా గురించి కాదులే అనుకుంటాడు. ఉద్దానంలో ఉండేవాళ్లు ముందు సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకుని, ఆ తర్వాతే రోజూ డ్రైఫ్రూట్స్ మొదలుపెట్టాలి అని రాయాలి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు కూడా చెప్పాలి, ఆ మందులు వాటంతటవే పొటాషియాన్ని కొంత పెంచుతాయి.

ఆ వ్యాసంలో రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్లతో సహా తాగమన్నారు. కిడ్నీ రోగులకు కూరగాయలు ఎలా వండాలో మేం చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు వంపేయమంటాం, పొటాషియం కొంత ఆ నీళ్లలో పోతుందని. నానబెట్టిన నీళ్లు తాగితే పోవలసినది కూడా లోపలికే వెళ్తుంది.

సరే, కిడ్నీలు బాగున్నవాళ్ల సంగతికి వస్తాను. ఎండుపండు ఎముకకు మేలు చేస్తుందని గట్టిగా చెప్పగలిగిన పరిశోధన ప్రూన్స్ మీద జరిగింది. ప్రూన్స్ అంటే మనం ఆల్‌బుఖారా అనేదానిలో ఎండబెట్టిన రకం. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నెలసరి ఆగిపోయిన 235 మంది మహిళలను తీసుకుని ఏడాది పాటు చూశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకు 50 గ్రాములు, అంటే ఐదారు పండ్లు తిన్నవాళ్లకు తుంటి ఎముక సాంద్రత నిలబడింది, తిననివాళ్లకు తగ్గింది. వంద గ్రాములు తినమన్నవాళ్లలో చాలామంది మధ్యలోనే మానేశారు. అంత తినడం ఎవరి వల్ల అవుతుంది? ఆ పరిశోధనకు డబ్బిచ్చిన వాళ్లలో కాలిఫోర్నియా ప్రూన్ రైతుల బోర్డు ఉందన్నది కూడా పాఠకుడికి తెలియాలి. అన్నిటికన్నా ముఖ్యం, అందులో ఉన్న ఆడవాళ్లందరికీ కాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. కాల్షియం బదులు ప్రూన్స్ కాదు, కాల్షియంతో పాటు ప్రూన్స్. మీ వ్యాసంలో ఆ పండు పేరు జాబితాలో ఎక్కడో ఉంది, పరిశోధన గొప్పతనం మాత్రం ఖర్జూరానికి, కిస్‌మిస్‌కి, జీడిపప్పుకి అన్నిటికీ కలిపి పంచేశారు. సోంపేట బజారంతా వెతికినా ప్రూన్స్ దొరకడం కష్టం. విశాఖపట్నం సూపర్ మార్కెట్లో దొరికినా మా వాళ్లు కొనే ధరలో ఉండవు.

జీడిపప్పు గురించి కూడా ఒక మాట. పలాస జీడిపప్పు మాకు గర్వకారణం, దాని మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ అందులో ఎముకకు కావలసిన కాల్షియం వంద గ్రాములకు నలభై మిల్లీగ్రాములు కూడా ఉండదు. భాస్వరం (ఫాస్ఫరస్) మాత్రం దండిగా ఉంటుంది. అది కూడా కిడ్నీ రోగికి పడదు.

భాస్వరం మాట వచ్చింది కాబట్టి ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర ఎముకల నొప్పికి అసలు కారణం చాలాసార్లు ఇదే. విటమిన్ డి ఒంట్లో పనికొచ్చే రూపానికి మారేది కిడ్నీలోనే. కిడ్నీ చెడితే ఆ పని ఆగిపోతుంది, తిన్న కాల్షియం సరిగ్గా ఒంటికి పట్టదు. మరోపక్క భాస్వరం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం పడిపోకుండా చూడడానికి ఎముకల్లోంచి దాన్ని లాగేస్తాయి. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు "ఎముకల్లో పోట్లు నర్సమ్మా" అనేది అందుకే. అలాంటి మనిషికి వయసు మీద పడి అరిగిన ఎముకలకు చెప్పే వైద్యమే చెప్పి, అంజీర తిను, జీడిపప్పు తిను అంటే నొప్పి తగ్గకపోగా ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లు కాల్షియం మాత్ర వేసుకోవాలన్నా పక్కింటి వాళ్ల మాట మీద కాదు, కిడ్నీ డాక్టరు రక్తం చూసి చెప్పాకే. డయాలసిస్ వాళ్లకు వచ్చే పింఛను రూ.10,000. అందులోంచి కిలో వెయ్యి దాటిన అంజీర కొని తెచ్చి, భర్తకు దాచిదాచి పెట్టే ఆడవాళ్లు ఉన్నారు. మీరు వేసే ఒక్క వాక్యం ఆ డబ్బునూ కాపాడుతుంది, ఆ మనిషినీ కాపాడుతుంది.

ఆ నొప్పులకే మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని మింగేవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. నొప్పి ఎముకలది, దెబ్బ కిడ్నీకి. దీని గురించి మీరు ఒక పేజీ అంతా రాసినా ఎక్కువ కాదు.

కిడ్నీలు బాగున్న ఆడవాళ్లు ఎముకల కోసం ఏం తినాలంటే నేను చెప్పేవి ఖరీదైనవి కావు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1,200. ఎండు అంజీర వంద గ్రాములు తింటే వచ్చేది సుమారు 160. అంత ఎవరూ తినరు, మూడు నాలుగు ముక్కలు తింటే యాభై వస్తుందేమో. గ్లాసుడు పాలల్లో అంతకు నాలుగైదింతలు ఉంది. వంద గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 340కి పైగా ఉంది. మా అమ్మ చోడి అంబలి కుండలో ముందురోజు రాత్రే కలిపి పెట్టేది, పొద్దున మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తాగి పొలానికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు అదే చోడిపిండిని షుగరు ఉన్నవాళ్ల తిండి అనుకుంటున్నారు తప్ప ఎముకల తిండి అనుకోవడం లేదు. నువ్వులు వేయించి బెల్లంతో దంచిన చిమ్మిలి మా పిల్లలు ఇప్పుడు పండక్కి కూడా అడగడం లేదు. పెద్ద చెంచాడు నువ్వుల్లోనే దాదాపు వంద మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మునగాకు, తోటకూర, ఉలవచారు ఉన్నాయి. తీరం వెంబడి ఊళ్లలో నెత్తళ్లనే చిన్న చేపలు ఉన్నాయి, ముల్లుతో సహా నమిలి తినేవి కాబట్టి కాల్షియం బాగా అందుతుంది. ఎండు నెత్తళ్లయితే ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు నీళ్లలో బాగా కడిగి కొద్దిగానే వండుకోవాలి. ఇవన్నీ కిడ్నీ బాగున్నవాళ్లకే. కిడ్నీ రోగికి చోళ్లు, నువ్వులు, ఎండుచేపలు ఎంతవరకు అన్నది కూడా డాక్టరే చెప్పాలి. ఈ మాట మళ్లీ చెబుతున్నందుకు విసుక్కోకండి.

అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చిన సరుకుల్లో రాగిపిండితో పాటు ఎండు ఖర్జూరం కూడా ఉండేది. అది ఆ అమ్మాయి తినాలి. ఆ పొట్లం అత్తగారికో మామగారికో వెళ్లిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ మామగారికి కిడ్నీ జబ్బు ఉంటే ఇద్దరికీ నష్టమే.

ఆడవాళ్ల ఎముకల గురించి రాసేటప్పుడు మన జిల్లాల్లో తప్పకుండా రాయవలసింది ఒకటుంది, అది ఏ డ్రైఫ్రూట్స్ వ్యాసంలోనూ కనిపించదు. గర్భసంచి ఆపరేషన్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, మన రాష్ట్రంలో తొమ్మిదికి దగ్గరగా ఉన్నారు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ముప్పై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు కనిపిస్తారు. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో వెళ్తారు, తీసేస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, యాభై ఏళ్లకు మొదలవ్వాల్సిన ఎముకల అరుగుదల ముప్పైల్లోనే మొదలవుతుంది. అలాంటి ఆడవాళ్లు నలభై అయిదేళ్లకు బావి గట్టు మీద జారిపడితే మణికట్టు విరుగుతుంది, చినుకులకి తడిసిన గుమ్మంలో జారిపడితే తుంటి విరుగుతుంది. వాళ్లకు గుప్పెడు కిస్‌మిస్ ఏం చేస్తుంది? ఆపరేషన్ కాగితంలో అండాశయాలు ఉంచారా తీసేశారా అన్నది చూపించుకుని, ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని డాక్టరును అడగమని చెప్పాలి. ఎండలో కాసేపు నిలబడమని చెప్పాలి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు వలిచే ఆడవాళ్లు తెల్లవారితే లోపలికి వెళ్లి చీకటి పడ్డాక బయటికి వస్తారు, ఎండ పొడ వాళ్లకు ఆదివారం తప్ప దొరకదు.

నేను మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. ఎముకల గురించో బలం గురించో డ్రైఫ్రూట్స్, కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు తాగమని రాసే ప్రతిసారీ, ఎవరు తినకూడదో మొదటి పేరాలోనే వెయ్యండి. మిగతా వ్యాసం ఏ అక్షరాల్లో ఉందో ఆ అక్షరాల్లోనే వెయ్యండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, క్రియాటినిన్ ఎప్పుడూ చూపించుకోని ఉద్దానం వాళ్లు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు. ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. భీమాలి మామిడి తాండ్ర ఎంత కమ్మగా ఉన్నా అది కూడా అంతే. రాసేవాళ్లు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని రాసినా, మా జిల్లా పేజీలు చూసే మీ డెస్క్ వాళ్లు ఈ పేరా కలపగలరు.

వీలైతే మీ విలేకరిని సోంపేటలోనో పలాసలోనో డయాలసిస్ సెంటరుకు ఒక పూట పంపండి. అక్కడి సిబ్బందిని అడిగితే, ఏ పండ్లు తిని ఎవరు ఎలా వచ్చారో వాళ్లే చెబుతారు. ఆ కిడ్నీ డాక్టర్లతోనే తినదగినవి, తినకూడనివి పట్టికగా రాయించి సంక్రాంతికి ముందు వెయ్యండి. గల్ఫ్ నుంచి, ముంబయి నుంచి పిల్లలు డబ్బాలతో ఇళ్లకు చేరేది అప్పుడే. వాళ్లు కొనేముందే ఆ పట్టిక వాళ్ల ఫోన్లకు చేరితే, దాన్ని అందరికీ పంపించే పని మా వీధి ఆడవాళ్లం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.